చిన్నబుచ్చిన చదువు

నీళ్ల కార్ఖానాలో మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారుతుంది. పొద్దుటి షిఫ్టు వాళ్లు చేతుల గ్రీజు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని, సైకిళ్లు తీసుకుని గేటు దాటి వెళ్లిపోతారు. ఆ ఏడాది మాత్రం వాళ్లలో పదకొండు మంది సైకిళ్లు అక్కడే వదిలేసి స్టోరు గది వైపు నడిచేవాళ్లు. రబ్బరు వాషర్ల పెట్టెలు, తుప్పు పట్టిన పాత మీటర్లు ఒక మూలకి నెట్టి, ఏదో బడిలో తీసేసిన చిన్న బల్లలు వేశారు అక్కడ. యాభై దాటిన మనుషులకి ఆ బల్లల కింద మోకాళ్లు పట్టేవి కావు. పక్కకి తిరిగి, ఒక కాలు బయటికి చాపుకుని, ఒళ్లో పలక పెట్టుకుని కూర్చునేవాళ్లు.

సంగతేమిటంటే కార్ఖానాకి కొత్త పంపులొచ్చాయి. వాటితో పాటు గోడంత ఇనప పెట్టె ఒకటి వచ్చింది, నిండా అంకెలు, అక్షరాలు, మీటలు. గంటగంటకీ ఆ అంకెలు చదివి పుస్తకంలో రాయాలి. ఎర్ర అక్షరాలు వెలిగితే అవేం చెబుతున్నాయో చూసి మీట తిప్పాలి. పాత పంపులు, పైపులు, తొట్ల పని చేతి అలవాటుతో ముప్పయ్యేళ్లు నడిపిన ఈ పదకొండు మందీ బడి గుమ్మం తొక్కనివాళ్లు. మూణ్ణెల్లలో చదవడం, రాయడం నేర్చుకుని పరీక్ష పాసైతే పనిలో ఉంటారు. లేకపోతే ఇంటికే.

వాళ్లకి చదువు చెప్పడానికి వచ్చినాయన హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మాస్టారు. అంత సర్వీసులో ఒక్క పిల్లాడి మీద చెయ్యి వెయ్యలేదని చెప్పుకునేవారు. నిజమే, బెత్తంతో ఆయనకి పనిపడలేదు. నోరుండేది. ముక్కు మీద కళ్లజోడు సర్దుకుని, గొంతు పెంచకుండా, నవ్వు మొహంతో ఒక్క మాట అనేవారు. విన్న క్లాసంతా నవ్వేది. అనిపించుకున్నవాడు ఇంకెప్పుడూ నోరెత్తేవాడు కాదు. క్లాసులో అందరికంటే తలెత్తుకు కూర్చున్నవాణ్ణి మొదటి వారంలోనే దించేస్తే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే దారికొస్తారని ఆయన అనుభవం.

ఇక్కడ అలా తలెత్తుకు కూర్చున్నవాణ్ణి అందరూ చెవులాయన అనేవాళ్లు. సన్నగా, పొడుగ్గా, ఆరడుగుల పైన ఇంకో వేలు మందం ఉండేవాడు. ఊళ్లో ఎక్కడ పైపు పగిలినా ఆయన్నే పిలిచేవాళ్లు. ఇనప కడ్డీ ఒక కొస పైపుకి ఆనించి, రెండో కొస చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని కాసేపు నిలబడి, పాల డిపో దాటాక మూడో ఇంటి ముందు తవ్వండి అనేవాడు. తవ్వితే అక్కడే నీళ్లు చిమ్మేవి. కుళాయిలో నీళ్లు రాకపోతే వీధుల్లో ఆడవాళ్లు ఆఫీసుకి కాకుండా ఆయన ఇంటికి కబురు పెట్టేవాళ్లు.

మొదటిరోజు మాస్టారు బోర్డు వైపు తిరిగి నాలుగక్షరాలు రాస్తూ, వాటి పేర్లు చెప్పి, వెనక్కి తిరిగి చెవులాయన్ని లేపి అడిగారు. ఆయన ఒకదానికి ఇంకొకటి చెప్పాడు.

"చెవులాయన అన్నారు నాతో. మరి ఆ చెవులు ఇవాళ ఇంట్లో మర్చిపోయి వచ్చారా?" అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు. చెవులాయన కూడా నవ్వాడు. కూర్చునేటప్పటికి వేలు మందం తగ్గాడు.

నలుగురిలో చిన్నబుచ్చితే మనిషి అంత మేర తగ్గుతాడు. అది అందరికీ తెలిసిన సంగతే. కొత్తగా పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటికి వస్తే తల్లి మొదట గుమ్మం పక్కన నిలబెట్టి చూసుకునేది ఎందుకు? ఆఫీసరు మారిన ఆర్నెల్లకి గుమాస్తాలంతా దర్జీ దగ్గర వరస కట్టేది ఎందుకు? పిల్లల్లో మాత్రం ఇది బయటపడదు. ఇవాళ తగ్గింది ఇంకో నెలకి పెరిగిపోతుంది, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మాస్టారు ముప్పై నాలుగేళ్లూ పెరిగే పిల్లల మధ్యే గడిపారు. తన మాటకి ఒకడు తగ్గడం ఆయన కళ్లతో చూడలేదు. చూసినా, ఇంకో ఏడాది వాడు ఆయన భుజం దాటిపోయేవాడు.

ఈ గదిలో పెరిగేవాళ్లెవరూ లేరు.

నెల తిరిగేసరికి అందరూ తలా బెత్తెడు తగ్గారు, ఒక్క పిడికెడమ్మ తప్ప. పిడికెడమ్మ ఇసక తొట్లు కడిగే మనిషి. అప్పటికే మూడున్నర అడుగులు. ఒకరోజు ఆమె తన పేరు తలకిందులుగా రాస్తే మాస్టారు పలక ఎత్తి అందరికీ చూపించారు. ఆమె ఏమాత్రం తొణకలేదు.

"మా అత్తగారు ముప్పయ్యేళ్లు మాటలన్నారండి మాస్టారూ. మీరు కొత్తగా దించడానికి నా దగ్గరేం మిగల్లేదు. పొడుగు పోయింది గానీ ఈ వెడల్పు ఎవరి మాటకీ లొంగలేదు" అని పలక వెనక్కి లాక్కుంది.

చెవులాయన అలా ఎదురు చెప్పేవాడు కాదు. రోజూ ముందు బల్లలో కూర్చునేవాడు, రోజూ తప్పు చెప్పేవాడు, రోజూ ఒక మాట పడేవాడు. మూడో తరగతి పిల్లలు నయమని ఒకరోజు. ఈ వయసులో మీ బుర్రకి ఎక్కుతుందని నాకు నమ్మకం లేదు, నా పని నేను చేస్తున్నానంతే అని ఇంకోరోజు. మొదట చొక్కా చేతులు వేళ్ల మీదకి జారాయి. తర్వాత సైకిలు సీటు దించుకున్నాడు. ఇంకో పది రోజులకి దాని మీద కాళ్లు అందక నడిచి రావడం మొదలుపెట్టాడు. ఆరు వారాలయ్యేసరికి చిన్న బల్ల కింద ఆయన మోకాళ్లు చక్కగా పట్టాయి. నాలుగడుగులకి వేలు మందం తక్కువ.

ఆ శనివారం క్లాసు అయ్యాక ఒకావిడ గుమ్మంలో నిలబడింది, చేతిలో మడిచిన ఖాకీ ప్యాంటుతో. చెవులాయన భార్యనని చెప్పి, ఆయన పంపుల దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు, వచ్చేలోగా రెండు మాటలు మాట్లాడి పోతానంది. ప్యాంటు బల్ల మీద పరిచింది. కింద అంచు మీద అంచు, ఐదు వరసల కుట్లున్నాయి.

"ఇది ఐదోసారి కుట్టడం. ఇంకోసారి కుట్టడానికి గుడ్డలో చోటు లేదు" అంది. గొంతులో కోపం లేదు, బట్టలకి కొలతలు చెప్పినట్టు చెప్పింది. "మాస్టారూ, ఆయనకి కుడి చెవి పోయి రెండేళ్లయింది. ఎడమది సగమే పనిచేస్తుంది. కడ్డీ పెట్టుకుంటే ఎముకలోంచి ఏదో తెలుస్తుందట, అంతవరకే. బయట తెలిస్తే పని పోతుందని ఎవరికీ చెప్పుకోలేదు. మనిషి పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మీరేమో గోడకి తిరిగి రాస్తూ చెప్తారట. మీ వీపు ఏం చెప్తుందో ఆయనకెలా వినపడుతుంది?"

మాస్టారు ఏదో చెప్పబోయారు. ఆవిడ ప్యాంటు మడుచుకుంటూ, చదువు వచ్చేసరికి నాకు ఆయన మిగుల్తాడా లేదా అని మాత్రం అడుగుదామని వచ్చానని చెప్పి, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

ఆదివారం మాస్టారి కూతురు వచ్చింది. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు పరీక్షించే పని చేస్తుంది. భార్య పోయాక మాస్టారు ఒక్కరే ఉంటారు గనక వారానికోసారి వచ్చి ఇల్లు సర్ది పోతుంది. తండ్రితో ఎక్కువ మాట్లాడదు. ఆవేళ ఆమె స్టూలెక్కి పై అరలో డబ్బాలు తుడుస్తుంటే, ఆయన కుర్చీలో కూర్చుని చెవులాయన సంగతంతా చెప్పుకొచ్చారు. చెవుడని ముందే చెప్పుంటే వేరేగా చెప్పేవాణ్ణి కదా, అలా దాచిపెట్టడం ఆయన తప్పు కాదా అన్నారు.

కూతురు తుడవడం ఆపలేదు. అందరూ పలక ఎంత దూరంగా పట్టుకుంటున్నారని అడిగింది. చెయ్యి చాపినంత దూరం అని ఆయన ఒప్పుకున్నారు. వెనక బల్లల వాళ్లు బోర్డు చూసేటప్పుడు కళ్లు చికిలిస్తారా అంది. దానికీ అవునన్నారు.

"సగం మందికి చూపు ఆనడం లేదు నాన్నా. ఒకాయనకి వినపడదు. కనపడనివాళ్లని, వినపడనివాళ్లని తెలివిలేనివాళ్లంటున్నారు మీరు."

అయినా పిల్లలకీ ఇలాగే చెప్పాను, వాళ్లంతా పైకొచ్చారు కదా అన్నారు ఆయన.

అప్పుడామె స్టూలు దిగింది. దిగితే తండ్రి కూర్చున్న ఎత్తుకి ఉంటుంది ఆమె.

"అమ్మ ఐదున్నర అడుగులు. మీరు ఆరు. నేనెందుకు ఇంతే ఉన్నానో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆమెది నాయనమ్మ పోలికని ఇంట్లో అందరూ అనేవాళ్లు. మాస్టారూ అదే అనేవారు. ఆ మాట మళ్లీ అనబోయి ఆగిపోయారు. ఏడేళ్ల వయసు నుంచి రోజూ సాయంత్రం ఈ గదిలోనే, ఈ కుర్చీ ముందే నిలబెట్టి ఆమె చేత ఎక్కాలు చెప్పించారు. తప్పు చెబితే వీధిలో వాళ్లని పిలిచి మా అమ్మాయి తెలివి చూడండి అనేవారు. ఆమెకి అన్ని పరీక్షల్లో మొదటి స్థానమే వచ్చింది. అది తన చదువు చెప్పడం వల్లేనని ఆయన నలభై మందికి చెప్పుకున్నారు.

"పెరిగినంత పెరిగాను. మీరు దించినంత దించారు. ఇదిగో, మిగిలింది ఇది" అంది కూతురు. స్టూలు తీసుకెళ్లి మూల పెట్టి, చేతులు కడుక్కుని, మంగళవారం మధ్యాహ్నం నాకు సెలవు, అద్దాల పెట్టె తీసుకుని మీ కార్ఖానాకి వస్తాను, ఆ మనుషుల కోసం వస్తాను అని చెప్పి వెళ్లిపోయింది.

చెప్పినట్టే వచ్చింది. పదకొండు మందినీ కిటికీ వెలుగులో కూర్చోబెట్టి చూపు పరీక్షించింది. ఎనిమిది మందికి అద్దాలు కావలసి వచ్చాయి. కళ్లజోడు పెట్టుకుని పలక చూసుకున్న బాయిలరు దగ్గర పనిచేసే ఆయన, ఇన్నాళ్లూ అక్షరాలకి వెంట్రుకలుంటాయనుకున్నానన్నాడు. ఎవరూ అతన్ని చూసి నవ్వలేదు. మాస్టారు కూడా.

ఆ రోజు నుంచి ఆయన బోర్డు దగ్గర నిలబడడం మానేశారు. అంత సులువుగా ఏం మానలేదు. ముప్పై నాలుగేళ్ల మాట నాలుక మీదకి దానంతటదే వచ్చేది, పళ్లతో పట్టుకుని ఆపేవారు. ఒక్కోరోజు క్లాసయ్యాక దవడలు నొప్పెట్టేవి. చెక్క పెట్టెలు గుండ్రంగా వేయించి, వాళ్ల మధ్య కూర్చుని, చెవులాయన ఎడమ పక్కకి జరిగి, పెదాలు కనిపించేలా మెల్లగా చెప్పేవారు. ఒకరినే లేపి అడగడం మానేశారు. ఇద్దరిద్దరు కలిసి చూసుకుని చెప్పమనేవారు. అడిగాక మనసులో ఇరవై లెక్కపెట్టుకునేవారు. పెద్దవాళ్లకి జవాబు తెలియక ఆలస్యం కాదని, తెలిసినదాన్ని రెండుసార్లు సరిచూసుకోకుండా బయటపెట్టరని ఆయనకి ఆ ఇరవై అంకెల్లో అర్థమైంది. తప్పు చెప్పడమంటే వాళ్లకి పైపు పగలడంతో సమానం. ముప్పయ్యేళ్లు అలాగే బతికారు.

అఆలు పక్కన పెట్టి వాళ్ల నోళ్లలో ఉన్న మాటలే రాయించారు. పంపు, వాల్వు, మీట, తొట్టి, ఇసక. ప, వ ల దగ్గర అందరూ తికమకపడ్డారు. మాస్టారు రెండుసార్లు చెప్పారు. మూడోసారి చెప్పబోతుంటే చెవులాయన చెయ్యెత్తాడు. నెలన్నర తర్వాత ఆ చెయ్యి లేవడం అదే మొదలు.

"పైన సందుంటే ప. అది తెరిచిన వాల్వు. సందు మూసుకుంటే వ. అది మూసిన వాల్వు. అంతేగా మాస్టారూ?"

మాస్టారు తన పుస్తకంలో చూసుకున్నారు. అంతే. ముప్పై నాలుగేళ్లలో ఆ మాట ఆయనకి తట్టలేదు. ఆ తర్వాత ఆ గదిలో ప, వ ఎవరూ తప్పు రాయలేదు.

ఎనిమిదో వారానికి వాళ్లు ఒకరికొకరు చీటీలు రాసుకోవడం మొదలుపెట్టారు. పిడికెడమ్మ తన తొట్టి గోడ మీద సుద్దతో ఇది నాది, అడుగు పెట్టొద్దు అని రాసింది. పదో వారానికి మీటరు అంకెలు చదివి పుస్తకంలో రాయడం అందరికీ వచ్చింది. ఎవరూ ఇంకో వేలు తగ్గలేదు. పోయింది మాత్రం తిరిగి రాలేదు. ఎలా చెప్పినా, ఎంత మెచ్చుకున్నా పెద్దవాళ్లు పెరగరు కదా. చెవులాయన నాలుగడుగులకి వేలు మందం తక్కువగానే ఉండిపోయాడు. కొత్త ఖాకీ ప్యాంటు ఆయన భార్య కొత్త కొలతలకి కుట్టింది.

ఒకరోజు మాస్టారు ఆయన పక్కన కూర్చుని, నా వల్ల మీరు, అని మొదలుపెట్టి ముగించలేకపోయారు. చెవులాయన ఆయన పెదాలు చూస్తూనే ఉన్నాడు, మాట సగంలో ఆగడం చూశాడు. మీరు నేర్పారు కదా, అదే చాలన్నాడు. ఆ మాటలో మర్యాదే ఉంది, క్షమించడం లేదు. మాస్టారికి ఆ తేడా తెలిసింది.

పరీక్ష పెట్టింది కార్ఖానా ఇంజనీరు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి ఆ ఇంజనీరు. స్వీపరుతో మాట్లాడినా అండీ అంటాడు. ఒక్కొక్కరినీ పిలిచి కాగితం ఇచ్చి చదివించాడు, అంకెలు రాయించాడు. పదకొండు మందిలో పది మంది పాసయ్యారు. చెవులాయన అందరికంటే బాగా చదివాడు. ఒక పేరా మొత్తం, వేలు పెట్టుకోకుండా చదివాడు. రాసింది చూసి ఇంజనీరు లేచి నిలబడి అభినందించాడు.

తర్వాత అందరినీ కొత్త పెట్టె దగ్గరికి తీసుకెళ్లి మీటలు తిప్పించాడు. చెవులాయనకి పై వరస మీట అందలేదు. మునివేళ్ల మీద నిలబడ్డాడు, అందలేదు. చెయ్యి దించి, తల కూడా దించి నిలుచున్నాడు.

"ఒక పీట వేస్తే పోతుంది కదండీ" అంది పిడికెడమ్మ.

నేల తడిగా ఉంటుంది, పెట్టె ముందు పీటలు వెయ్యకూడదని నిబంధన ఉందని ఇంజనీరు నొచ్చుకుంటూ చెప్పాడు. పిడికెడమ్మ సంగతి వేరట, ఆమెకి తొట్ల దగ్గర పుస్తకం రాసే పనే గనక మీటతో అవసరం లేదట. మరి చెవులాయన సంగతేమిటని మాస్టారు అడిగారు. ఆలోచించి చెబుతానన్నాడు ఇంజనీరు. అప్పటికే ఆలోచించేశాడని మాస్టారికి ఆ తర్వాత తెలిసింది.

చెరువు దగ్గర్నుంచి కార్ఖానాకి నీళ్లు తెచ్చే ఇటుక సొరంగం ఒకటి నేల కింద ఉంది. ఎప్పుడో కట్టింది. రెండడుగుల వెడల్పు, అంతే ఎత్తు, పొడుగు మైలున్నర. అడుగున ఒండు పేరుకుపోయి నీళ్లు సగమే వస్తున్నాయి. మలుపుల దగ్గర మామూలు మనిషి భుజాలు పట్టవు. యంత్రం దింపితే మొదటి మలుపులోనే ఇరుక్కుపోయింది. వారం తిరక్కుండా చెవులాయనకి ఉత్తర్వు వచ్చింది. సొరంగం శుభ్రం చేసే పనికి మార్చారు. కాగితం ఆయనే చదువుకున్నాడు, ఎవరి సాయమూ అక్కర్లేకుండా, సంతకం కూడా తనే పెట్టాడు.

ఇంజనీరు మాస్టారిని గదికి పిలిచి కుర్చీ చూపించాడు. చెవులాయన మొదటి మలుపు దాటి వెళ్లి వచ్చాడని, ఎనభై ఏళ్లలో అటు వెళ్లిన మొదటి మనిషి ఆయనేనని సంతోషంగా చెప్పాడు. కానీ ఒక్కడితో అయ్యే పని కాదు. ఆరుగురన్నా కావాలి. వచ్చే నెల నుంచి రెండో బ్యాచి పెడుతున్నాం, పద్నాలుగు మంది, అంతా సన్నగా ఉన్నవాళ్లనే ఎంచామన్నాడు.

"మీ రిజిస్టరు చూశానండీ. చివరి నెలన్నర మీరు చెప్పిన పద్ధతి చాలా బాగుంది, కాదనను. అయితే ఈ బ్యాచికి మొదటి నెలన్నర చెప్పినట్టు చెబితే మాకు ఉపయోగం. ఆ విద్య మీ చేతిలో ఉంది. అందరికీ అబ్బదు."

మాస్టారు ఆయన మొహం కేసి చూశారు. ఎగతాళి లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. వాళ్లకి చదువు రావాలా అక్కర్లేదా అని అడిగారు. వస్తే మంచిదే, రాకపోయినా నష్టం లేదన్నాడు ఇంజనీరు.

నేను చెయ్యనని మాస్టారు లేచారు. ఇంజనీరు బలవంతపెట్టలేదు. అలిసిపోయి ఉంటారు, విశ్రాంతి తీసుకోండని, తలుపు దాకా వచ్చి సాగనంపాడు. వరండాలో నాలుగడుగులు వేసేసరికి మాస్టారికి చెప్పులు వదులైనట్టు తెలిసింది. వంగి పట్టీ ఒక చిల్లు బిగించుకుని ఇంటికి నడిచారు.

రెండో బ్యాచికి వేరే మాస్టారు దొరికారు. వానలు మొదలయ్యేనాటికి సొరంగంలో దిగేవాళ్లు ఐదుగురయ్యారు. ఊళ్లో కుళాయిలు నిండుగా రావడం మొదలుపెట్టాయి. ఇంజనీరుకి పెద్ద ఊరికి బదిలీ అయిందని, అక్కడా ఇలాంటి సొరంగాలే ఉన్నాయని చెప్పుకున్నారు.

ఒక పొద్దున పిడికెడమ్మ మాస్టారి ఇంటికొచ్చి, చెవులాయన కబురు పెట్టాడంది. లోపల ఏదో రాసి ఉందట, ఒక అక్షరం తెలియడం లేదట, వీలైతే రమ్మన్నాడట. మాస్టారు అప్పటికప్పుడు బయల్దేరారు. సొరంగం మధ్యలో మనుషులు దిగడానికి వీధి పక్కన ఒక గుంత ఉంది, చుట్టూ ఇటుక గట్టు. చెవులాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు, మెడ దాకా ఒండుతో, నుదుటికి దీపం కట్టుకుని. ఆయన కూర్చున్న తీరు పెద్దమనిషి తీరే. కాళ్లు మాత్రం నేలకి ఆనలేదు.

జేబులోంచి ఒక కాగితం తీశాడు. గోడకి ఆనించి పెన్సిలుతో రుద్ది అక్షరాలు దింపుకున్న కాగితం. అరమైలు లోపల, ఇరుకు మలుపు దగ్గర, గోడ మీద పేర్లున్నాయట. ఇరవై రెండు పేర్లు. ఒక్కొక్కటీ చదివి వినిపించాడు. తాపీ పనివాళ్లవి, మట్టి మోసినవాళ్లవి, సున్నం కలిపినవాళ్లవి. పేరు పక్కన పని కూడా రాసి ఉంది. ఒక్కచోట ఆగి కాగితం మాస్టారి వైపు తిప్పాడు. మాస్టారు ఆయన ఎడమ పక్కకి జరిగి, పెదాలు కనిపించేలా ఆ ఒత్తక్షరం పలికారు. చెవులాయన రెండుసార్లు అనుకుని, ఆ పేరు మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"చెక్కిన చేతులు చక్కటి చేతులు మాస్టారూ. వరస ఎక్కడా వంకర పోలేదు" అన్నాడు. "ఆ మలుపులో నేను మెడ వంచితేగానీ కూర్చోలేను. వీళ్లు నిటారుగా కూర్చుని, తాపీగా చెక్కారు. తల ఆనించిన చోట ఇటుక నున్నగా అరిగి ఉంది. నా చెవి దగ్గరికి వస్తుంది ఆ అరుగుడు."

మాస్టారు కాగితం కేసి చూశారు. ఇరవై రెండు పేర్లూ ఒకే తీరు రాతలో ఉన్నాయి, గుండ్రంగా, తలకట్లు అన్నీ ఒకే వాలుతో. ఒకే మనిషి దగ్గర నేర్చుకున్న రాత అది. వేల రాతలు దిద్దిన కంటికి ఆ సంగతి వెంటనే తెలిసిపోయింది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నారు.

"వీళ్లకీ ఎవరో చదువు చెప్పారు మాస్టారూ" అన్నాడు చెవులాయన.

లోపల్నుంచి ఎవరో ఆయన నడుముకి కట్టిన తాడు లాగారు. ఆయన కాగితం జాగ్రత్తగా మడిచి, పైజేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. దీపం సరిచేసుకుని గట్టు దిగి, గుంత మెట్ల చిన్న గుమ్మంలోంచి వంగాల్సిన పని లేకుండా లోపలికి నడిచి వెళ్లిపోయాడు.